ఎంత బిగిస్తే చాలు?

మా మిల్లులో ఆ రోజుల్లో నట్టు బిగించడమంటే కుస్తీ పట్టడమే. పానా కొసకు బారెడు ఇనప గొట్టం తొడిగి, దాని మీద ఇద్దరు మనుషులు వేలాడి, ముఖాలు కందిపోయేదాకా లాగితే తప్ప పని చేసినట్టు కాదు. చుట్టూ ఉన్నవాళ్లు ఊరికే నిలబడేవాళ్లు కాదు, "ఇంకో పట్టు, ఇంకో పట్టు" అని అరిచేవాళ్లు. ఆ అరుపుల్లో నా గొంతు కూడా కలిసేది.

ఇప్పుడు మీ కుర్ర ఫిట్టర్ల చేతుల్లో బిగువు చూపించే పానాలున్నాయి. పెట్టుకున్న కొలత రాగానే టక్కుమంటుంది, మీరు ఆపేస్తారు. మంచిదే. కాని ఆ కొలత ఎక్కడ పెట్టుకోవాలన్నది ఆకాశం నుంచి ఊడిపడలేదు. వరంగల్లులో మేము పనిచేసిన నూలు మిల్లులో దాన్ని ఎట్లా వెతుక్కున్నామో, వెతుక్కునేలోపల ఎన్ని అవస్థలు పడ్డామో మీకు చెప్పాలని చాలా ఏళ్లుగా నా మనసులో ఉంది.

అవి నైజాం కాలపు చివరి ఏళ్లు. బయట రెండో పెద్ద యుద్ధం నడుస్తున్నది. వరంగల్లులోనే మట్టెవాడలో మా నాయనకు ఇత్తడి సామాన్ల దుకాణం. దుకాణం మీద కూర్చోవలసిన నేను హైదరాబాదుకు పోయి ఇంజినీరింగు డిప్లొమా చదివి, మిల్లులో అసిస్టెంటుగా చేరాను. సాయంత్రం నూనె బట్టలతో ఇంటికి వస్తే మా అమ్మ వాకిట్లోనే ఆపి, దొడ్డి దారిన పోయి స్నానం చేసి రమ్మనేది. "కోమటింట్ల పుట్టి గీ మసి పనేందిరా" అని మా నాయన ముఖం తిప్పుకునేవాడు.

మిల్లంతా ఆవిరి మీద నడిచేది. బాయిలర్లలో పుట్టిన ఆవిరి ఒక లావుపాటి పైపు గుండా ఇంజను గదికి పోవాలి. ఆ పైపు ఒక్క ముక్క కాదు కదా. ఒక ముక్కకు, ఇంకో ముక్కకు కొసల్లో గుండ్రటి ఇనప పళ్లేల్లాంటివి ఉంటాయి. వాటినే ఫ్లాంజీలంటాము. రెండు ఫ్లాంజీల నడుమ రాతినారతో, అంటే ఆస్బెస్టాస్‌తో, చేసిన షీటును కంకణంలా కత్తిరించి పెట్టి, చుట్టూ బోల్టులు వేసి బిగిస్తాము. ఆ షీటు ముక్కను పుస్తకాల్లో గ్యాస్కెట్ అంటారు, మా మిల్లులో ప్యాకింగు అనేవాళ్లు. ఇనుమును ఇనుముతో ఎంత నొక్కినా సందు మిగులుతుంది. ఆ సందును పూడ్చేది ఈ మెత్తటి షీటు. దాన్ని నొక్కి పట్టి ఉంచేవి బోల్టులు. ఇంతే సంగతి. వినడానికి ఇంతే.

యుద్ధం వచ్చాక సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, ఓడల్లో వచ్చే షీటు ఆగిపోయింది. దాని బదులు బొంబాయి నుంచి కొత్త రకం షీటు వచ్చింది. రంగు అదే, మందం అదే. మా పెద్దమిస్త్రీ దాన్ని గోటితో గీరి, "జర మెత్తగున్నది" అన్నాడు. అప్పుడు ఎవరమూ ఆ మాట పట్టించుకోలేదు.

పెద్దమిస్త్రీ గురించి చెప్పాలి. వర్ధన్నపేట దిక్కు పల్లె ఆయనది. వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి మిల్లుకు వచ్చి, పానా పట్టి, ఫిట్టర్లందరికీ పెద్ద అయ్యాడు. తలుపంత మనిషి. నలుగురిలో నన్ను "సాబ్" అనేవాడు, ఇద్దరమే ఉంటే "బిడ్డా" అనేవాడు. నేను ఆయనను కాకా అని పిలిచేవాణ్ని. ఆయన బిగించిన జాయింటు కారదని మిల్లులో పేరు.

ఆ పేరుకు ఒక పొద్దున దెబ్బ తగిలింది. బాయిలరు గది గోడ దాటేచోట ఉన్న పెద్ద జాయింటు, కాకా స్వయంగా కొత్త షీటు వేసి బిగించినది, ఒక్కసారిగా చీలింది. మొదట ఈల వేసినట్టు సన్నటి చప్పుడు, ఆ వెంటనే తెల్లటి మబ్బు. బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకాయన పార పట్టుకుని సరిగ్గా దాని కింది నుంచి పోతున్నాడు. పరకాల మనిషి. మెడ, కుడి చెయ్యి కాలిపోయాయి. టాంగాలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాము. దారి పొడుగునా ఆయన ఏడవలేదు. "నా చెయ్యి పనికొస్తదా సారూ" అని మాత్రం మళ్లీ మళ్లీ అడిగాడు.

షీటు మార్చి కాకా మళ్లీ బిగించాడు. ఈసారి ముందుకంటె గట్టిగా. కొన్నాళ్లు నడిచి మళ్లీ చీలింది. అదృష్టం, అప్పుడు కింద ఎవరూ లేరు. మూడోసారి ఇంకా గట్టిగా పట్టు పట్టేసరికి బోల్టే పుటుక్కున తెగి, పానా మీద వేలాడుతున్న ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

మేనేజరు కాకాను, నన్ను, ఇంజినీరు సాబును పిలిపించాడు. ఇంజినీరు సాబు బొంబాయి మనిషి. మాటలు తక్కువ, నోట్లో పొగాకు పైపు ఎక్కువ. ఉర్దూ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నేను ఆయన మాటలు తెలుగులోనే రాస్తాను.

మేనేజరు నేరుగా కాకాతో అన్నాడు. "నీ చెయ్యి పడిపోయింది, మిస్త్రీ. వయసు వచ్చింది. ఇంకొక్కసారి అది పగిలితే నువ్వు ఊరికి పోయి నాగలి పట్టుకో."

కాకా మెడ మీది నరాలు పొంగాయి.

"చెయ్యి కాదు తప్పు," అన్నాడు ఇంజినీరు సాబు. "ఎంత బిగించాలో మనలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. నా పుస్తకంలో ఉన్న లెక్క సీమ షీటుకు రాసింది. మొన్న పక్క లైనులో ఆ లెక్క ప్రకారం బిగించి చూశాను, అదీ కారింది. ఈ షీటుకు పుస్తకం లేదు. మనమే రాసుకోవాలి."

"ఎన్నాళ్లలో?"

"దసరా సెలవుల తర్వాత మిల్లు మళ్లీ మొదలయ్యే రోజుకు."

అప్పటిదాకా తెగిన బోల్టు మార్చి, ఆ పైపులో ఆవిరి తక్కువగా పంపాలని, సగం మిల్లే నడపాలని తేల్చారు. దసరా తర్వాత కూడా జాయింటు నిలబడకపోతే సీమ సరుకు వచ్చేదాకా మిగతా సగం మూసేస్తామన్నాడు మేనేజరు. యుద్ధంలో సీమ సరుకు ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?

సగం మిల్లు అంటే ఏమిటో మరునాడు గేటు దగ్గర చూశాను. పొద్దున్నే పల్లెల నుంచి నడిచి వచ్చినవాళ్లు సద్దిమూటలతో గోడ వెంట కూర్చుని ఉన్నారు. పని దొరకనివాళ్లు ఆ మూటలు విప్పకుండానే తిరిగి పోతున్నారు. నూలు చుట్టే ఖాతాలో, అంటే ఆ విభాగంలో, పనిచేసే ఒకామె నా చెయ్యి పట్టినంత పని చేసింది. "సారూ, గా పైపు ఎన్నడు మంచిగైతది? నా పెనిమిటికి సుత పని లేదు. జర జల్ది చూడున్రి."

"చూస్తున్నామమ్మా" అన్నాను. ఏం చూస్తున్నామో అప్పటికి నాకే తెలియదు.

పని నాకు, కాకాకు అప్పగించాడు ఇంజినీరు సాబు. కర్మశాల వెనక పెరట్లో పాత ఫ్లాంజీలు రెండు దొరికాయి. అవతలి కొసలు మూసి, లోపలికి నీళ్లు కొట్టే చేతిపంపు, ఒత్తిడి చూపే గేజి తగిలించాము. షీటు వేసి, కొంచెం బిగించి, నీళ్లు కొట్టి చూడాలి. కారితే ఇంకొంచెం బిగించాలి. అంతవరకు బాగానే ఉంది. కాని "కొంచెం" అంటే ఎంత? కాకా కొంచెం ఒకటి, నా కొంచెం ఒకటి. కాకా కొంచెమే నాకు జన్మలో చేతకాదు.

అప్పుడు నాకు పత్తి గోదాం గుర్తొచ్చింది. అక్కడ దూలానికి వేలాడే స్ప్రింగు కాటా ఒకటి ఉండేది. గడియారంలాంటి ముఖం, ఒక ముల్లు, కింద కొక్కెం. కొక్కేనికి సంచి తగిలిస్తే ముల్లు తిరుగుతుంది. ఆ కొక్కేన్ని పానా కొసకు తగిలించి లాగితే మనం ఎంత లాగుతున్నామో ముల్లు చెప్పదా?

కాటా మీద ఉండే ముసలాయన హనుమకొండ బజారు మనిషి. నేను అడగగానే కాటాకు అడ్డంగా నిలబడ్డాడు.

"పత్తి తూచే కాటాతోని బోల్టులు తూస్తవా? నూనె మరక అంటితే రేపు పత్తికెవడు జవాబు చెప్తడు?"

"మరక కానియ్యను తాతా. బట్ట చుట్టి వాడుకుంటా."

"నీ అసొంటి చదువుకున్నోళ్లు గిట్లనే అంటరు. నేను సుత వస్త. నా కాటా ఏడుంటే నేనాడుంట."

అన్నట్టే వచ్చాడు. పెరట్లో ఒక పీట వేసుకుని, పని అయ్యేదాకా కాటా మీది నుంచి చూపు తిప్పలేదు. కొన్నాళ్లు గడిచేసరికి ముల్లు ఎక్కడుందో నాకంటె ముందు ఆయనే అరిచి చెప్పేవాడు.

కాకా మొదట్లో ముఖం ముడుచుకునే ఉన్నాడు. "ఇన్నేండ్ల చెయ్యిని కాటాకు ఏలాడదీస్తానవ్ బిడ్డా" అన్నాడు. కోపం కంటె బాధ ఎక్కువ ఉంది ఆ మాటలో. "ఒక్కసారి నీ మామూలు పట్టు పట్టు కాకా. ముల్లు ఎంత చూపిస్తదో చూద్దాం" అన్నాను.

కాకా గొట్టం తొడిగి, దాని కొసకు కాటా కొక్కెం తగిలించి లాగాడు. ముల్లు కాటా ముఖం చివరికంటా పోయి అక్కడ ఆగిపోయింది. "నా కాటా!" అని ముసలాయన లేచి నిలబడ్డాడు. బోల్టులన్నీ అట్లాగే బిగించి నీళ్లు కొట్టాము. చుక్క కారలేదు. కాకా మీసం మీద చెయ్యి వేశాడు. ఒత్తిడి పెంచుతూ పోయాము. ఒక్కసారి చిర్రుమని నీళ్లు నా ముఖాన కొట్టాయి.

విప్పి చూస్తే షీటు షీటులా లేదు. రొట్టె పిండి పీట అంచు దాటినట్టు బయటికి పాకింది, లోపలి అంచున అడ్డంగా చీలి ఉంది. కాకా దాన్ని అరచేతిలో పెట్టుకుని, చీలిక వెంట వేలు పోనిచ్చాడు.

"పైపుల ఆవిరి దీన్ని చంపలే," అన్నాడు. "పైపు మీదికి పోకముందే నేనే చంపిన."

ఆ సాయంత్రం నుంచి ఆయన మనిషే మారిపోయాడు. ఇంటికి పొమ్మన్నా పోడు. షీటు ముక్కలు ఆయనే కత్తిరించేవాడు. తక్కువ లాగుడుతో మొదలుపెట్టి, ముల్లును కాస్త కాస్త పెంచుతూ పోయాము. ఒకచోట కారడం ఆగింది. ఇంకా చాలా పైన షీటు నలగడం మొదలైంది. ఈ రెంటికీ నడుమ ఎక్కడో మాకు కావలసింది ఉంది. కాటా అద్దం మీద సుద్దతో గీత గీశాను. ముసలాయన పళ్లు కొరికాడు.

సంతోషం ఎక్కువ సేపు నిలవలేదు. అదే గీత దగ్గర అదే రకం షీటును ఇంకోసారి బిగిస్తే కారింది. మళ్లీ బిగిస్తే కారలేదు. మరోసారి ఒక పక్కనే కారింది. ముల్లు ప్రతిసారీ ఒకే చోట ఉంది. నాకు పిచ్చెక్కినట్టయింది. పంపు పిడి వదిలేసి నేల మీద కూలబడ్డాను. అటు బతుకమ్మ పాటలు మొదలైపోయాయి. ఇక ఉన్నవి కొద్ది రోజులే.

కాకా చిన్న సుత్తి తీసుకుని ఒక్కొక్క నట్టు మీద కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్. ఒకచోట మాత్రం మొద్దు చప్పుడు. మళ్లీ కొట్టాడు.

"ఇది పట్టలే," అన్నాడు.

"ముల్లు గీత దాకా వచ్చింది కదా కాకా?"

"ముల్లుకేమెరుక? నువ్వు లాగింది చెప్పింది. బోల్టు పట్టిందో లేదో చెప్పలే."

ఆ మాట నేను పోయి ఇంజినీరు సాబుకు చెప్పాను. ఆయన పొగాకు పైపు నోట్లోంచి తీసి, లేచి పరికరాల గదికి పోయాడు. వెంట్రుక మందాన్ని కొలిచే మైక్రోమీటరు తెచ్చాడు.

"బోల్టు బిగిస్తే సాగుతుంది," అన్నాడు. "రబ్బరులాగే. మన కంటికి కనబడదు, అంతే తేడా. ముందు పొడుగు కొలవండి, బిగించాక మళ్లీ కొలవండి. ఎంత సాగిందో అదే దాని అసలు పట్టు."

కొలిచాము. టంగుమన్న బోల్టులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా సాగాయి. మొద్దు చప్పుడు చేసింది సాగనే లేదు. విప్పి చూస్తే దాని మరల్లో, అంటే నట్టు తిరిగే గాట్లలో, తుప్పు. మనం లాగిన లాగుడంతా ఆ తుప్పుతో పోట్లాడటానికే సరిపోయింది. షీటు దాకా చేరలేదు. కాకా చెవి చెప్పినదాన్ని సాబు పరికరం చూపించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. సాబు నవ్వడం నేను చూడటం అదే మొదలు.

బోల్టులన్నీ విప్పి, తీగ బ్రష్షుతో మరలు తోమి, కొవ్వులో గ్రాఫైటు పొడి కలిపి పూశాము. నట్టు వేళ్లతోనే తిరగాలి, అట్లా తిరగని బోల్టును పక్కన పడేయాలి అని కాకా ఫిట్టర్లందరికీ ఆజ్ఞ వేశాడు. మరలు నునుపయ్యాక తక్కువ లాగుడే చాలింది, కాటా గీత కిందికి దిగింది. పాత గీత తుడిచి కొత్తది గీశాను. బిగించే వరస కూడా మార్చాము. ఒక పక్క నుంచి వరసగా పోతే ఫ్లాంజి వాలుతుంది. అందుకని ఒక బోల్టు, దానికి ఎదురుది, మళ్లీ ఆ పక్కది, దాని ఎదురుది, అన్నింటినీ కొద్దికొద్దిగా, విడతలుగా. ఇక ఎన్నిసార్లు విప్పి బిగించినా నీళ్లు కారలేదు.

నీళ్లతో గెలిచాము, ఆవిరితో ఓడిపోయాము. పెరట్లోకి చిన్న ఆవిరి గొట్టం లాగి మా పాత ఫ్లాంజీలకు ఇచ్చి చూస్తే మొదటి పూట బాగానే ఉంది. రాత్రి ఆపి మరునాడు మళ్లీ ఇస్తే అంచున తడి కనబడింది. అప్పటికి సెలవులు మొదలైపోయాయి.

దానికి జవాబు దవాఖాన నుంచి వచ్చింది. కాలిన ఫైర్‌మన్ చేతికి కట్టుతోనే మమ్మల్ని చూడటానికి వచ్చాడు. చెయ్యి నిలబడింది, వేళ్లు ఆడుతున్నాయి. ముందుగా అవి ఆడించి చూపించాడు. కాకా ఆయనను కూర్చోబెట్టి మా కష్టం చెప్పాడు. ఆయన విని అన్నాడు.

"నేను బట్టీ కాడనే ఉంటగద. ఏ జాయింటైనా తొలిసారి కాగినప్పుడు మంచిగనే ఉంటది. సల్లారి మల్ల కాగినంకనే కూస్తది. ఎన్నడు చూసినా గదే."

సాబు, నేను ఒకేసారి తలెత్తాము. కొత్త షీటు మొదటి వేడికి అణిగి కూర్చుంటుంది. అది అణిగినంత మేర బోల్టు పట్టు వదులవుతుంది. అయితే ఒకసారి వేడి చేసి, ఆవిరి పూర్తిగా వదిలేసి, చల్లారనిచ్చి, అదే గీత దాకా మళ్లీ లాగాలి. చేసి చూశాము. నట్లు నిజంగానే ఇంకాస్త తిరిగాయి. తర్వాత ఎన్నిసార్లు కాగబెట్టినా, ఎన్నిసార్లు చల్లార్చినా మా పెరటి జాయింటు పొడిగానే ఉంది.

ఇక మిగిలింది అసలు పైపు.

మిల్లు తిరిగి మొదలయ్యే రోజు పొద్దున బాయిలరు గదిలో నిలబడటానికి చోటు లేదు. రెండు రోజుల ముందే షీటు వేసి, మా వరసలో మొదటి బిగింపు చేశాము. బిగించింది కాకా. ఒక ఫిట్టరు అలవాటుగా పానాకు గొట్టం తొడగబోతే కాకా చూసిన చూపుకు ఆ గొట్టం దానంతటదే కింద పడింది. పెద్ద బాయిలర్లు మాత్రం ఆ రోజు తెల్లవారుజామునే ముట్టించారు, అప్పటి నుంచే పైపును మెల్లగా వేడెక్కించాము. మేనేజరు వచ్చేసరికి ఆవిరి మొదటిసారి పైపంతా నిండి ఉంది, జాయింటు చుట్టూ చుక్క తడి లేదు.

"శభాష్," అన్నాడు మేనేజరు. "ఇంజను మొదలుపెట్టండి."

"ఇప్పుడు కాదండి," అన్నాను. "ఆవిరి వదిలేసి, చల్లారినాక ఇంకోసారి బిగించాలి."

"కారడం లేదు కదా? గేటు దగ్గర మిల్లు మిల్లంతా నిలబడి ఉంది. బాగున్నదాన్ని విప్పుతారా?"

"విప్పము. మళ్లీ లాగుతాము. ఇప్పుడు మొదలుపెడితే ఈ పూట నడుస్తుంది. రేపో ఎల్లుండో పగులుతుంది. కింద ఎవరుంటారో తెలియదు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది నీ మాటా, ఇంజినీరు మాటా?"

ఉద్యోగం పోతే మళ్లీ ఇత్తడి బిందెల మధ్య కూర్చోవాలి. వెనక నుంచి ఇంజినీరు సాబు గొంతు వినబడింది. "ఇద్దరిదీ."

"ముగ్గురిది," అన్నాడు కాకా. ఆయన పోయి ఆవిరి వాల్వు ముందు నిలబడ్డాడు. చెప్పాను కదా, తలుపంత మనిషి. ఆయనను దాటి చెయ్యి పెట్టడం ఎవరివల్లా కాదు. "పొద్దూకేదాకా ఆగున్రి దొరా. గంతదాకా నడవకపోతే నన్ను నాగటి ఎనకకు తోలున్రి."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నాడు. పొమ్మనలేదు, కానిమ్మనలేదు. అదే మాకు చాలు.

పైపులోని ఆవిరిని బయటికి వదిలేశాము. పైపు చల్లారేదాకా ఎదురుచూడటమంత కష్టమైన పని నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. గేటు దగ్గరి జనం గోల లోపలికి వినబడుతూనే ఉంది. చల్లారాక కాటా తగిలించి కాకా లాగాడు. ముసలాయన ముల్లు చూసి కేక వేయాలి. మొదటి నట్టు తిరిగింది. ఎదురుది తిరిగింది. ఒక్కొక్కటీ అంతో ఇంతో తిరిగింది. ప్రతి నట్టు తిరిగినప్పుడల్లా సాబు మేనేజరు వైపు చూశాడు. చివరికి మేనేజరే కుర్చీ లోంచి లేచి వచ్చి, వంగి చూడటం మొదలుపెట్టాడు.

బాయిలరు మళ్లీ నిండుగా కాగింది. కాకా వాల్వు తిప్పుతూ పోయాడు. గేజి ముల్లు పైకి, ఇంకా పైకి. వెదురు కొసకు పత్తి పింజె కట్టి జాయింటు చుట్టూ తిప్పాలి. ఎక్కడ సన్నటి ఆవిరి వచ్చినా పింజె కదులుతుంది, తడుస్తుంది. వెదురు పట్టుకున్నది ఫైర్‌మన్. కావాలని అడిగి తీసుకున్నాడు, ఎడమ చేత్తో. కిందుగా పోనిచ్చాడు, పక్కలకు తిప్పాడు, పైకి లేపాడు. పింజె పోగైనా కదల్లేదు. వేళ్లతో నలిపి చూశాడు.

"పొడిగున్నది," అన్నాడు. తర్వాత గొంతెత్తి, గది అదిరేలా, "పొడిగున్నదో!" అని అరిచాడు.

కాకా ఇంజను గదికి సైగ చేశాడు. పెద్ద చక్రం మెల్లగా కదిలి, వేగం అందుకుంది. మిల్లు కూత పడింది, చాలా రోజుల తర్వాత నిండు గొంతుతో. గేటు తెరిచారు. ఆ గేటు లోంచి జనం వచ్చిన తీరు నేను మాటల్లో పెట్టలేను. నన్ను జల్ది చూడమన్న ఆమె పరుగెత్తుకుంటూ పోతూ ఆగి, నా తల మీద రెండు చేతులూ తిప్పి తన కణతల దగ్గర మెటికలు విరుచుకుని, మళ్లీ పరుగెత్తింది. ఫిట్టర్లు కాకాను భుజాల మీదికి ఎత్తబోయి, బరువు మోయలేక, అందరూ కలిసి బొగ్గుకుప్ప మీద పడ్డారు. కాకా బొగ్గులోనే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంజినీరు సాబు తన కోటు తీసి పక్కన పెట్టి, ఆ బొగ్గులోకే దిగి, కాకా చెయ్యి పట్టుకుని లేపాడు. మేనేజరు ఇద్దరి దగ్గరికీ వచ్చి, కాకా మసి చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"నాగలి మాట మరిచిపో మిస్త్రీ," అన్నాడు.

"ఏం మాట దొరా?" అన్నాడు కాకా.

ఆ రోజు సాయంత్రం ఇంటికి పోతే మా నాయన దుకాణం అరుగు మీద నలుగురికి ఈ కథ చెబుతున్నాడు. నాకంటె ముందే మట్టెవాడకు కబురు చేరింది. ఆయన చెప్పే కథలో మిల్లును నేనొక్కణ్నే లేపి నిలబెట్టాను. సరిదిద్దుదామని నోరు తెరిచి, ఆయన ముఖంలో వెలుగు చూసి ఊరుకున్నాను.

ఆ జాయింటు నేను అక్కడ ఉన్నన్నాళ్లూ కారలేదు. మిగతా పైపులన్నీ అదే పద్ధతిలోకి మార్చాము. ఈ సంగతి చుట్టుపక్కల పాకింది. ఒకనాడు పరకాల నుంచి పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ సావుకారి ఒకాయన వచ్చాడు. వాళ్ల చిన్న బాయిలరు దగ్గర కూడా ఇదే బాధ. "కాటా మీద గీత ఏడ గీసిన్రో చెప్పున్రి, నేను సుత గాడనే గీసుకుంట" అన్నాడు.

కాకా తల అడ్డంగా ఊపాడు. "గది మా గీత సేటు. మా షీటుకు, మా బోల్టులకు. నీ గీత నీ కాడనే ఉన్నది. వచ్చి దేవులాడి ఇస్తం."

మీరు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. పక్క ఫ్యాక్టరీ అంకె తెచ్చుకుని పానాలో పెట్టుకోవడం సులువే. కాని ఏ షీటు, ఏ బోల్టు, మర పొడిదా నూనెదా, ఎంత వేడి అన్నవి అడగకుండా తెచ్చుకున్న అంకె గుడ్డిదే. మా పాత మొండిపట్టుకూ దానికీ పెద్ద తేడా లేదు.

సెలవు రోజు చూసుకుని, మిల్లువాళ్లు కొన్న కొత్త కాటా ఒకటి వెంట పెట్టుకుని, ఎడ్లబండి మీద పరకాల పోయాము. పరీక్షలు చేసి, వాళ్ల గీత వాళ్లకు తేల్చేసరికి రెండు సెలవులు పట్టాయి. చివరిరోజు అసలు జాయింటు బిగించాలి. కాకా కండలు చూసి జనం చుట్టూ మూగారు. వరంగల్లు మిస్త్రీ బలం చూద్దామని పిల్లలను భుజాలకెత్తుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. సావుకారి స్వయంగా పానా తెచ్చి కాకా చేతికి ఇచ్చాడు.

కాకా పానా అందుకుని, ఆ ఫ్యాక్టరీ పనివాళ్ల వైపు ఒకసారి కలయజూశాడు. వెనక వరసలో ఒక ఫిట్టరు ఉన్నాడు. బక్క మనిషి, మొన్ననే చలిజ్వరం నుంచి లేచాడట, చొక్కా లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. కాకా అతణ్ని ముందుకు పిలిచి పానా చేతిలో పెట్టాడు. జనం గొల్లున నవ్వారు.

"నాతోని యాడైతది అన్నా?" అన్నాడు ఆ మనిషి సిగ్గుపడుతూ.

"ముల్లు గీత కాడికి రాంగనే ఆపు. గంతే నీ పని."

అతను లాగాడు. ఒకటి, దాని ఎదురుది, కొద్దికొద్దిగా, విడతలుగా. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. వేడి చేసి, చల్లార్చి, అతనే మళ్లీ లాగాడు. చివరికి నిండు ఆవిరి ఇచ్చారు. పింజె కట్టిన పుల్లను సావుకారి తన చేత్తోనే జాయింటు చుట్టూ తిప్పి, ఒకసారి కాదు, మూడుసార్లు తిప్పి, ఆ పొడి పింజెను జనానికి ఎత్తి చూపించాడు.

బక్క ఫిట్టరు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, జ్వరం మనిషి గొంతులో అంత బలం ఎక్కడిదో, "నేనే బిగించిన!" అని అరిచాడు. అక్కడున్న అందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టింది మా కాకానే.